సమాధానం: పక్కింటి పెద్దాయన యుద్ధ జ్ఞాపకాలు రికార్డు చేయడం

న్యూజెర్సీలో మీ పక్కింటి యూదు పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీలో పోరాడారనీ, ఈమధ్యే భార్య పోయారనీ, యుద్ధం మాట ఎత్తితే మౌనంగా అయిపోతున్నారనీ రాశారు. ఆయన మాటలు దక్కించుకోవాలన్న మీ తపన నాకు ఎంతో నచ్చిందండీ.

యుద్ధంతో మొదలుపెట్టకండి. ముందు పెళ్లి ఫొటో అడగండి. ఆవిడ ఎక్కడ పరిచయమయ్యారు, యుద్ధంలో ఉన్నప్పుడు ఉత్తరాలు రాసుకున్నారా అని అడగండి. ఆవిడ గురించి మాట్లాడటానికి మనిషి దొరక్క చాలామంది పెద్దలు కుమిలిపోతుంటారు. అక్కడి నుంచి యుద్ధంలోకి ఆయనే వస్తారు.

తర్వాత మెడలో వేసుకున్న గుర్తింపు బిళ్ల గురించి అడగండి. అమెరికా సైన్యంలో యూదుల బిళ్ల మీద మతానికి గుర్తుగా 'హెచ్' అక్షరం ఉండేది. జర్మన్లకు పట్టుబడితే ఆ ఒక్క అక్షరమే ప్రాణం మీదికి తెచ్చేది. కొందరు దాన్ని పారేశారు, కొందరు ఉంచుకున్నారు. ఆయన ఏం చేశారో చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డుపడకండి. కన్నీళ్లు పెట్టుకుంటే, ఆపేయమంటారా అని ఆయన్నే అడగండి.

అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, మాజీ సైనికుల జ్ఞాపకాలు సేకరించి భద్రపరిచే వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు నడుపుతోంది. దానికి పంపాలంటే రికార్డింగు కనీసం 30 నిమిషాలు ఉండాలి, ఎడిట్ చేయకూడదు. ఫోన్‌లో తీసినా పర్లేదు, టెన్షన్ పడకండి. ఆయన సబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) పాటిస్తే శుక్రవారం సాయంత్రం, శనివారం రికార్డింగు పెట్టుకోవద్దు. అనుమతి పత్రం మీద ఆయన సంతకం మాత్రం తప్పనిసరి.