రొయ్యల చెరువు తూముకి ఫైబర్ కలిపితే ఉప్పుకి ఆగుతుందా?

ప్రశ్న: సఖినేటిపల్లి దగ్గర రొయ్యల చెరువుకి తూము, మోటారు షెడ్డు కడుతున్నాం. కాంక్రీటులో ఫైబర్ ప్యాకెట్ కలిపితే ఉప్పు పట్టదని, చలి దేశాల్లో మంచుకి కూడా తట్టుకుంటుందని, చువ్వలు కాస్త తగ్గించుకోవచ్చని షాపాయన అన్నారు. నమ్మొచ్చా?

చువ్వలు మాత్రం తగ్గించకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మాది మొగల్తూరు వైపు. సైటు సూపర్‌వైజర్‌గా చెరువుల పనులు చాలానే చూశాను. ఆరేళ్ల కిందట మా బాబాయి చెరువుకి ఇలాంటి తూమే కట్టాం. సిమెంటు బస్తాకి 125 గ్రాముల ప్యాకెట్ చొప్పున పాలీప్రొపిలీన్ ఫైబర్, అంటే సన్నటి ప్లాస్టిక్ పోగులు, వేశాం. మే నెల, వడగాలి. ఆ గాలికి మామూలుగా సాయంత్రానికల్లా పైన సన్న పగుళ్లు వచ్చేస్తాయి. ఆసారి ఒక్కటీ రాలేదు. బాబాయి ఊరంతా చెప్పుకున్నాడు. మూడో ఏడు పైదూలం అడుగున చువ్వ వెంబడే తుప్పు గీత కనబడింది. ఆ మరుసటేడు పెచ్చులు ఊడాయి. ఊడినచోట ఫైబర్ పోగులు బొచ్చులా వేలాడుతున్నాయి. వాటికేమీ కాలేదు, పోయింది చువ్వ.

తప్పు మాదే. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక మంచినీళ్ల ట్యాంకరుకి డబ్బులెందుకని చెరువు పక్క ఉప్పు బోరు నీళ్లే కలిపాం, వాటితోనే క్యూరింగ్ చేశాం, అంటే గట్టిపడేదాకా తడుపుతూ వచ్చాం. చువ్వని అచ్చుకి ఆనకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులకి బదులు కంకర ముక్కలు పెట్టడంతో చువ్వ కింద 20 మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటి. ఫైబర్ పడితే మాలు బిగుసుకున్నట్టు కనిపిస్తుంది, అందుకని మేస్త్రి బస్తాకి ఓ బకెట్ నీళ్లు ఎక్కువ పోశాడు. 50 కిలోల బస్తాకి 0.45 నిష్పత్తిలో (సిమెంటు బరువుకి నీటి బరువు ఎంతో చెప్పే లెక్క) ఇసుక తడితో కలిపి ఇరవై రెండున్నర లీటర్లు చాలు. పైన పది లీటర్లు పడితే 0.65 అవుతుంది. ఆ నీరు ఆరిపోయాక మిగిలిన సన్న దారుల్లోంచే ఉప్పు లోపలికి దిగుతుంది.

కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు పగలకుండా పట్టుకోవడం ఈ సన్న ఫైబర్ పని. గట్టిపడ్డాక ఉప్పుని ఆపేది మాత్రం కాంక్రీటు చిక్కదనమూ, చువ్వ మీద కవరూ, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందమూ. ఉప్పులోని క్లోరైడు చువ్వ దాకా చేరితే దాన్ని కాపాడే పల్చటి పొర పోతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు జాగా తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటుని లోపలినుంచి తోసేస్తుంది. మా తూములో ఎప్పుడూ నీళ్లలో ఉండే అడుగు గోడ బాగానే ఉంది. తడవడం, ఆరడం జరిగే మట్టమే దెబ్బతింది. ఉప్పుతో పాటు అక్కడ గాలి కూడా అందుతుంది మరి.

ఇక మంచు సంగతి. లేహ్ వైపు రెండు సీజన్లు పని చేశాను. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. తడిసిన కాంక్రీటు గడ్డకట్టి కరుగుతూ ఉంటే క్రమంగా పగులుతుంది. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే దేశాల్లోనైతే పైపొర పొలుసులుగా లేస్తుంది. అక్కడ అసలు మందు గాలి బుడగలు. కాంక్రీటులో 5, 6 శాతం సూక్ష్మమైన బుడగలు పుట్టించే ద్రావణం కలుపుతారు, గడ్డకట్టే నీటి ఒత్తిడికి అవే చోటిస్తాయి. ఫైబర్ పగిలిన ముక్కని జారకుండా పట్టుకుంటుందేమో గానీ ఆ బుడగల పని చెయ్యలేదు. షాపాయన చెప్పింది సగం నిజం. అయినా అంతర్వేది గాలికి మంచు భయం ఎందుకండీ!

కాంక్రీటుకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సముద్రపు గాలి తగిలే చోట ఎం30 గ్రేడు కాంక్రీటు (అంకె పెరిగితే బలం ఎక్కువ), కవరు 45 మిల్లీమీటర్లు. ఉప్పునీటి తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. నీటి నిష్పత్తి రెండిటికీ 0.45 దాటకూడదు. చువ్వలున్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. నాలుకతో చూసి తేల్చుకోకండి, ల్యాబులో పరీక్ష చేయించండి. ఇసుక కూడా పోటు నీరు తగిలే రేవుల్లోది వద్దు, ఎగువ గోదావరిది తెప్పించండి. స్లాగ్ సిమెంటు (ఇనుము కొలిమి చిట్టెం పొడి కలిపింది) దొరికితే అదే వాడండి, క్యూరింగ్ మాత్రం ఇంకొన్నాళ్లు ఎక్కువ కావాలి.

షాపుల్లో 'ఫైబర్ చువ్వలు' అని అమ్మేవి వేరు, అవీ ఈ ప్యాకెట్టూ ఒకటేననుకోకండి. గాజు పోగులతో చేసిన కడ్డీలవి. తుప్పు పట్టవు, నిజమే. కానీ సైటులో వంచలేం, ఇనుములా ముందు సాగి హెచ్చరించకుండా ఒక్కసారే తెగుతాయి. ఇంజనీరు వాటికోసమే డిజైన్ చేస్తే తప్ప ముట్టుకోవద్దు.

బాబాయి తూము ఈ వేసవిలో పగలగొట్టి మళ్లీ కడుతున్నాం. నీళ్లకి నరసాపురం నుంచి ట్యాంకరు మాట్లాడాం. ఫైబర్ ఈసారీ తెచ్చాం, షెడ్డు ఫ్లోరింగుకి.