ఔలులో మొదటి చలికాలం: జాకెట్ కంటే ముందు చూసుకోవలసినవి

వేసవిలో ఉద్యోగం మీదనో, చదువు మీదనో ఫిన్లండ్‌లోని ఔలుకు వచ్చి దిగిన మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం చలి గురించే ఉంటాయి. మైనస్ 30 దాకా వెళ్తుందట కదా, ఏ జాకెట్ కొనాలి, ఇండియా నుంచి రజాయిలు తెచ్చుకోవాలా, పిల్లలను బయటికి పంపవచ్చా అని అడుగుతారు. చలికి విరుగుడు డబ్బు పెడితే దొరుకుతుంది. మంచి బూట్లు, ఊలు లోదుస్తులు కొనుక్కుంటే ఆ బాధ చాలావరకు తీరిపోతుంది, ఇళ్లు ఎలాగూ వెచ్చగానే ఉంటాయి. ఎవరూ ముందుగా అడగనిదీ, నవంబరు వచ్చేసరికి చాలామందిని కుంగదీసేదీ చీకటి. దానికి దుకాణంలో దొరికే విరుగుడు తక్కువ. రోజును గడిపే పద్ధతే మార్చుకోవాలి, అది కూడా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెలుతురు ఉండగానే మొదలుపెట్టాలి.

ఔలు 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆర్కిటిక్ వలయానికి కొంచెం దిగువన ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు అసలు ఉదయించని రోజంటూ ఉండదు. దేశం ఉత్తరపు కొసన ఉన్న ఉత్స్‌యోకిలో గానీ, నార్వేలోని ట్రోమ్సోలో గానీ అయితే నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యబింబమే కనిపించదు. ఔలులో డిసెంబరు 21 ప్రాంతంలో ఉదయం పదిన్నరకు పొద్దు పొడిచి, మధ్యాహ్నం రెండు దాటగానే గుంకుతుంది. పగలు మొత్తం కలిపి మూడున్నర గంటలు. అదే రోజు హైదరాబాదులో పగలు 11 గంటలు ఉంటుంది. పైగా ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి ఒకటిన్నర డిగ్రీ ఎత్తుకే లేస్తాడు కాబట్టి, ఎదురుగా రెండంతస్తుల ఇల్లు ఉంటే చాలు, ఆ నెలంతా మీ కిటికీలోకి ఎండ పడదు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మనవాళ్లు వాస్తు ప్రకారం తూర్పు వాకిలి చూస్తారు. ఇక్కడ చూడవలసింది దక్షిణం వైపు కిటికీలు, వాటి ముందు ఖాళీ జాగా.

చీకటికాలమంతా ఒకే తీరుగా ఉండదన్నది కొత్తవాళ్లకు తెలియదు. అందరూ డిసెంబరును చూసి భయపడతారు గానీ, నా లెక్కలో అన్నిటికంటే కష్టమైనది నవంబరు. అక్టోబరు చివరి ఆదివారం వేసవి సమయం ముగిసి గడియారం గంట వెనక్కి తిప్పడంతో సాయంత్రం ఒక్కసారిగా కూలిపోయినట్టు అవుతుంది. ఆకులు రాలిపోయి, నేల తడిసి నల్లబడి, మంచు ఇంకా నిలవక, వీధి దీపాల కాంతిని కూడా రోడ్డే మింగేస్తుంది. మంచు కురిసి నిలిచిన రోజున, పగటి నిడివి పెరగకపోయినా, ఊరు తెల్లబడుతుంది. ఆకాశంలో ఉన్న కొద్దిపాటి కాంతినీ, వీధి దీపాల వెలుగునూ మంచు తిరగగొట్టడంతో రాత్రి తొమ్మిదికి కూడా పక్క వీధిలో నడిచే మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. అందుకే ఏడాదికి ఒక్కసారే ఇండియా వెళ్లగలిగినవారు, బడికి వెళ్లే పిల్లలు లేకపోతే, క్రిస్మస్ సెలవుల దాకా ఆగకుండా నవంబరులో వెళ్లి రావడం మంచిదని నేను చెబుతాను. విమానం టికెట్లు కూడా అప్పుడు డిసెంబరు నెలాఖరులో ఉన్నంత ఖరీదు ఉండవు. మరో వాదం కూడా ఉంది. సంక్రాంతికి ఊళ్లో ఉండకపోతే ఇండియా వెళ్లినట్టే కాదనే వాళ్లున్నారు. వాళ్లతో నేను వాదించను. అయితే సంక్రాంతి నాటికి ఔలులో పగలు దాదాపు 5 గంటలకు పెరిగి, అక్కడి నుంచి రోజుకు ఐదారు నిమిషాలు, ఫిబ్రవరిలో ఆరేడు నిమిషాలు చొప్పున సాగుతుంది. అంటే మీరు తప్పించుకోవలసిన కాలం అప్పటికే వెనకబడి ఉంటుంది.

ఇక రోజు సంగతి. వెలుతురు ఉన్న ఆ కొద్ది గంటలూ ఆఫీసు వేళల్లోనే పడతాయి. చీకట్లో ఇంటి నుంచి బయలుదేరి, చీకట్లోనే ఇంటికి చేరే మనిషి వారం రోజుల పాటు పగటిని కళ్లారా చూడకుండా ఉండిపోగలడు. ఈ ఊళ్లో రేడియో సాంకేతికత కంపెనీల్లో పనిచేసే మన ఇంజనీర్లలో చాలామంది మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని కంప్యూటర్ ముందే తినేస్తారు, పైగా హైదరాబాదు, బెంగళూరు బృందాలతో మీటింగులన్నీ ఆ వేళకే పెట్టుకుంటారు. ఫిన్‌లు 11 గంటలకే భోజనం ముగించే అలవాటు మొదట్లో వింతగా తోస్తుంది గానీ, దాన్ని మీరూ అలవరచుకుంటే 12 గంటల ప్రాంతంలో అరగంట బయట నడవడానికి వీలు చిక్కుతుంది. సూర్యుడు తన పూర్తి ఎత్తులో ఉండేది ఇంచుమించు ఆ సమయంలోనే. ఆ అరగంటను మీటింగులాగే క్యాలెండరులో వేసి పెట్టుకోండి, మబ్బు పట్టినా మానకండి. శనివారం, ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకునే అలవాటును మాత్రం ఈ నాలుగు నెలలూ వదులుకోక తప్పదు. ఒంటిగంటకు లేచి, స్నానం చేసి, ఇడ్లీ తినేసరికి ఆ రోజు పగలు అయిపోతుంది.

ఉదయం పూట మెదడుకు తెల్లవారిందని చెప్పడానికి ఇక్కడి ఇళ్లలో కాంతి చికిత్స దీపం వాడుతారు. చీకటికాలంలో ఏటేటా వచ్చే కుంగుబాటును అమెరికాలో మనోవైద్యుడు నార్మన్ రోజెంతాల్, ఆయన సహచరులు 1984లో ఒక రుగ్మతగా వర్ణించిన నాటి నుంచి ఈ దీపాలు వైద్యంలో భాగంగా ఉన్నాయి. కొనేటప్పుడు 10,000 లక్స్ (కాంతి తీవ్రతను కొలిచే ప్రమాణం) ఎంత దూరంలో వస్తుందో పెట్టె మీద చూడండి. చవక రకాల్లో ఆ కాంతి అందాలంటే ముఖాన్ని దీపానికి దాదాపు ఆనించి కూర్చోవాలి. నిద్ర లేచిన గంటలోపు, కాఫీ తాగుతూ, కొద్దిగా పక్కగా పెట్టుకుని 20 నుంచి 30 నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది, దాని వైపే చూస్తూ ఉండనక్కరలేదు. సాయంత్రం మాత్రం వాడకండి, నిద్ర చెడుతుంది. కంటి జబ్బు ఉన్నవాళ్లు, బైపోలార్ వంటి సమస్యకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడిగిన తరవాతే మొదలుపెట్టాలి.

విటమిన్ డి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ అక్షాంశాల్లో ఎండ ఉన్న రోజున కూడా దాని వల్ల చర్మంలో విటమిన్ డి తయారు కాదు, సూర్యుడు అంత వాలుగా ఉంటాడు. మన చర్మపు రంగుకు వేసవిలో కూడా ఇక్కడివారి కంటే ఎక్కువ సేపు ఎండ కావాలి. ఎండలు మండే ప్రాంతం నుంచి వచ్చాం కదా, నిల్వ ఉంటుందిలే అనుకోకండి. ఏసీ గదుల్లో పనిచేసిన మనలో చాలామంది ఆ లోటుతోనే విమానం ఎక్కుతారు. ఫిన్లండ్‌లో 2003 నుంచి పాలలోనూ, వెన్నకు బదులు వాడే స్ప్రెడ్లలోనూ విటమిన్ డి కలుపుతున్నారు కాబట్టి, ఇక్కడి పాలు తోడుపెట్టిన పెరుగన్నం రోజూ తినేవారికి కొంత అందుతుంది. పాలు, చేపలు పెద్దగా తీసుకోని పెద్దవాళ్లు అక్టోబరు నుంచి మార్చి దాకా రోజుకు 10 మైక్రోగ్రాములు వేసుకోవాలన్నది ఇక్కడి అధికారిక సలహా, పసివాళ్లకు ఎంత వేయాలో శిశు ఆరోగ్య కేంద్రంలో నర్సు చెబుతుంది. 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు. మన దగ్గర డాక్టర్లు వారానికొకటి చొప్పున కొన్నాళ్లు వేసుకోమని రాసే పొట్లంలో ఉండేది 60,000 యూనిట్లు. ఊరి నుంచి తెచ్చుకున్న ఆ పొట్లాలను పరీక్ష చేయించుకోకుండా, ఎవరో చెప్పారని చలికాలమంతా వేసుకోవడం ప్రమాదకరం. అతిగా చేరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

బట్టల గురించి ముక్తసరిగా చెబుతాను. ఒంటికి ఆనే పొర ఊలుదై ఉండాలి, నూలు బనియన్ చెమట పట్టాక తడిసి చల్లబడుతుంది. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కుంటే లోపల మందపాటి మేజోళ్లకూ, కాస్త గాలికీ చోటు ఉంటుంది. నిజానికి ఇక్కడ ప్రమాదం మైనస్ 25లో కాదు, సున్నా దగ్గర ఉంది. కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి అద్దంలా తయారైన రోజుల్లోనే ఎముకలు విరుగుతాయి. బూట్ల అడుగున తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు చవకగా దొరుకుతాయి, నామోషీ పడకుండా వాడండి. చీకట్లో నడిచేవారు వెలుగు పడితే మెరిసే బిళ్ల, అంటే రిఫ్లెక్టరు, ధరించాలని ఇక్కడి చట్టమే చెబుతోంది. నల్ల జాకెట్, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు వేసుకున్న మనిషి దగ్గరికి వచ్చేదాకా డ్రైవరుకు కనిపించడు. జాకెట్ జేబుకు పిన్నీసుతో గుచ్చి, దారంతో మోకాలి ఎత్తున వేలాడేలా వదిలిన చిన్న రిఫ్లెక్టరు నడుస్తున్నప్పుడు ఊగుతూ తిరుగుతూ మెరుస్తుంది, అందుకే భుజాన అంటించినదాని కంటే అది ముందుగా కంట పడుతుంది. కారు ఉంటే, పార్కింగులో మీ స్థలం ముందున్న కరెంటు స్తంభానికి ఇంజన్ హీటరు తీగ తగిలించి, చలినిబట్టి బయలుదేరడానికి ఒకటి నుంచి మూడు గంటల ముందు వేడెక్కేలా టైమరు పెట్టుకోవాలి.

పిల్లల విషయంలో ఇక్కడి టీచర్ల మాట వినండి. డేకేర్‌లో మైనస్ 10లో కూడా రోజూ ఆరుబయట ఆడిస్తారు, పసిపిల్లలను బండిలో బాగా కప్పి వెలుపలే నిద్రపుచ్చుతారు. వీడియో కాల్‌లో అది చూసిన అమ్మమ్మలు, నాయనమ్మలు "బిడ్డను మంచులో పడేశారా!" అని గుండెలు బాదుకుంటారు. వాళ్లకు నచ్చజెప్పండి గానీ, వాళ్ల భయం చూసి పిల్లను ఇంట్లో ఉంచకండి. రోజూ బయట తిరిగే పిల్లలు ఆకలిగా తింటారు, పొద్దున్నే లేస్తారు. వాళ్ల వెంట మంచుబండి లాగుతూ వెళ్లే తల్లిదండ్రులకు కూడా అనుకోకుండా వెలుతురు దొరుకుతుంది.

నా దృష్టిలో ఈ చీకటి దెబ్బ ఎక్కువగా తగిలేది భర్త ఉద్యోగం మీద వచ్చి ఇంట్లో ఉండిపోయే ఇల్లాలికి. ఉద్యోగికి ఆఫీసుకు వెళ్లక తప్పదు, పిల్లలకు బడి ఉంటుంది. ఆమెను బయటికి లాగే పని అంటూ ఏదీ ఉండదు, పైగా ఇండియాతో మూడున్నర గంటల తేడా వల్ల సాయంత్రం ఏడయ్యేసరికి అక్కడ అందరూ నిద్రకు సిద్ధమవుతారు, ఫోన్లు కూడా ఆగిపోతాయి. దీనికి మందు సెప్టెంబరులోనే వేయాలి. ఫిన్నిష్ తరగతుల్లో పేరు నమోదు చేసుకోవడం, పెద్దలకు కోర్సులు నడిపే ఔలు ఒపిస్తోలో వంటో, నేతో, కుమ్మరిపనో ఏదో ఒక కోర్సు తీసుకోవడం, ఈతకొలను టికెట్ల కట్ట కొనడం లాంటివి అప్పుడే చేయాలి. నవంబరులో మొదలుపెడదామంటే తరగతుల్లో చోటూ ఉండదు, ఒంట్లో ఓపికా ఉండదు. మన కార్తీకమాసం సరిగ్గా ఆ నల్లటి రోజుల్లో వస్తుంది. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి సోమవారాలు ఒక్కో ఇంట్లో దీపాలు పెట్టుకుని భోజనాలు చేస్తే ఆ నెల గడపడం తేలికవుతుంది. (పొగ అలారం సంగతి మాత్రం మరవకండి. సాంబ్రాణికి అది ఊరుకోదు.) డిసెంబరు 6న స్వాతంత్ర్య దినం సాయంత్రం ఫిన్‌లు కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ రోజు మీ కిటికీలోనూ రెండు పెట్టండి, మెట్ల మీద ఎదురైనా పలకరించని పొరుగింటాయన మర్నాడు తల ఊపుతాడు.

వంటింట్లో పిండి పులియదని దిగులుపడనక్కరలేదు, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి గిన్నె లోపల పెడితే తెల్లవారేసరికి పొంగుతుంది. కొబ్బరినూనె సీసా ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఉంటుంది, అది ఇక్కడ మామూలే.

ఇవన్నీ చేసినా కొందరికి లాభం ఉండదు. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఎంత పడుకున్నా నిద్ర చాలకపోవడం, తీపి మీదికే మనసు పోవడం, ఏ చిన్న మాటకైనా కన్నీళ్లు రావడం జరుగుతుంటే "చలికాలం కదా, అందరికీ అంతేలే" అని సరిపెట్టుకోకుండా ఆఫీసు వైద్య సేవకో, ఆరోగ్య కేంద్రానికో చెప్పండి. వేళ కాని వేళల్లో అయితే వైద్య సలహా నంబరు 116117కు, ప్రాణం మీదికి వచ్చిన సందర్భంలో 112కు ఫోన్ చేయాలి. ఇక్కడి డాక్టరుకు ఇది కొత్త ఫిర్యాదు కాదు, మిమ్మల్ని వింతగా చూడరు. రెండు చలికాలాలు ప్రయత్నించాక కూడా ఒంటికి పడకపోతే వెళ్లిపోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే హెల్సింకీకి మారితే చాలనుకోకండి. అక్కడ డిసెంబరులో పగలు ఆరు గంటలకు కాస్త తక్కువే, పైగా మంచు సరిగా నిలవదు కాబట్టి నవంబరు లాంటి నలుపు మరింత కాలం సాగుతుంది.

అమ్మానాన్నలను ఎప్పుడు రప్పించాలని చాలామంది అడుగుతారు. చీకటి నెలల్లో వద్దు. కాలు జారి తుంటి విరిగితే ప్రయాణ బీమా ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటుందేమో గానీ, పెద్దవాళ్లకు ఆ తరవాతి నెలలు నరకం. అందరూ జూన్, జూలై అంటారు. మా ఇంట్లో మాత్రం మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా రప్పించడమే బాగా కుదిరింది. అప్పటికి పగలు 12 గంటలు దాటి, మంచు ఇంకా నిలిచే ఉండి, ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. గడ్డకట్టిన సముద్రం మీద గుర్తు పెట్టిన బాటల వెంట జనం నడుస్తుంటారు. మన ఊళ్లల్లో ఎండలు ముదిరే సమయం కూడా అదే, వాళ్లకు ఆ తాపం తప్పుతుంది. నల్ల కళ్లద్దాలూ, బూట్లకు ముళ్ల పట్టీలూ వాళ్లు వచ్చేలోపు కొని ఉంచండి. జూన్‌లోనే రప్పించవలసి వస్తే పడకగదికి వెలుతురు చొరబడని మందపు కర్టెన్లు వేయించండి, లేకపోతే రాత్రి పదకొండు గంటలకు కూడా ఎండ కిటికీలో ఉండటం చూసి నాన్నగారు పడుకోనని మొండికేస్తారు.