టెక్ సందేహాలు: నెట్ వైరు వేడెక్కితే కంగారు పడాలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 16 సీసీ కెమెరాలు పెట్టించాం. వాటికి విడిగా కరెంటు లైను లేదు, నెట్ వైరులోంచే వెళ్తుందన్నారు. మెట్ల కింద ఇనప పెట్టెలో, కెమెరాల వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ ఉంది. దాని దగ్గర వైర్ల కట్ట పట్టుకుంటే వెచ్చగా తగులుతోంది. మా ఎలక్ట్రీషియన్ చూసి 'డేటా వైర్లో కరెంటేంటండీ, ఎప్పటికైనా అంటుకుంటది' అన్నాడు. అప్పట్నుంచీ అసోసియేషన్‌లో అందరికీ టెన్షనే.
– అపార్ట్‌మెంట్ కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

జవాబు: డేటా వైర్లో కరెంటు పంపడం కొత్తేమీ కాదండీ. దీన్ని పవర్ ఓవర్ ఈథర్‌నెట్, పొట్టిగా పీఓఈ అంటారు. దీనికి 2003లోనే ప్రమాణం వచ్చింది. వోల్టేజీ 48 అటూఇటూగా ఉంటుంది. ఇంట్లో ప్లగ్గులో వచ్చే 230 వోల్టులతో దీనికి పోలిక లేదు.

ఇక వేడి సంగతి. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడు మామూలు కెమెరా 7 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 48 వోల్టుల దగ్గర అది 0.15 ఆంపియర్లు. 50 మీటర్ల మంచి రాగి వైరులో దీనివల్ల వృథా అయ్యేది సుమారు 0.1 వాట్. అదీ 50 మీటర్ల పొడవునా పంచుకుంటుంది. అలాంటివి 16 కలిపి కట్టినా మీ చేతికి తెలిసేంత వేడి పుట్టదు.

మరి ఆ వెచ్చదనం ఎక్కడిది? నా అనుమానం స్విచ్ మీదే. 16 కెమెరాలకూ అదే కరెంటు పెడుతోంది, పైగా గాలాడని ఇనప పెట్టెలో ఉంది. ఆ వేడే రాగి వెంట కొంత దూరం బయటికి వస్తుంది. పెట్టె నుంచి రెండు మీటర్లు అవతల అదే కట్టను పట్టుకుని చూడండి. అక్కడ చల్లగా ఉంటే దోషం వైర్లది కాదు, పెట్టెది. తలుపుకి పైనా కిందా గాలి కంతలు పెట్టించండి, పక్కన మోటారు స్టార్టర్ ఉంటే దూరం జరపండి. కట్టలో ఒకే ఒక్క వైరు ప్రత్యేకంగా వేడిగా ఉంటే మాత్రం దాని కొసన జాక్ సరిగా క్రింప్ (తీగల మీద నొక్కి బిగించడం) కాలేదేమో చూపించాలి.

ప్రశ్న: రుషికొండ దగ్గర మా ఆఫీసుకి కొత్తగా కేబులింగ్ చేయిస్తున్నాం. వైఫై పెట్టెలు, తిరిగే కెమెరాలు, కొన్ని లైట్లు కూడా పీఓఈ మీదే నడుస్తాయట, ఒక్కో పోర్టు 90 వాట్లు. ఫాల్స్ సీలింగ్ పైన 60 కేబుళ్లు ఒకే కట్టగా వెళ్తాయి. క్యాట్ 6ఎ రకం కేబుల్ వేయకపోతే కాలిపోతాయని వెండర్ అంటున్నాడు. నిజమా, అమ్ముకునే మాటా?
– ఐటీ ఉద్యోగిని, మధురవాడ

జవాబు: సగం నిజం. పై ప్రశ్నలో వైర్లకు క్లీన్ చిట్ ఇచ్చాను గానీ, మీ దగ్గర లెక్క పూర్తిగా మారిపోతుంది.

వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 2003 నాటి ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు, 2009లో 30, 2018లో వచ్చిన దాంట్లో 90. ఆ 90 వాట్ల కోసం కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేస్తాయి. అయినా 100 మీటర్లు దాటేసరికి పరికరానికి గట్టిగా హామీ ఇచ్చేది 71.3 వాట్లే. మిగతా 18.7 వాట్లు దారిలో వేడిగా పోవచ్చన్నది లెక్క. 15.4 వాట్లతో పోలిస్తే పవర్ ఆరు రెట్లు పెరిగింది, అదే కేబుల్‌లో వేడి మాత్రం సుమారు 12 రెట్లు.

ఒంటరిగా ఉన్న కేబుల్‌కు ఇదీ ఓ లెక్క కాదు. మీటరుకు 0.2 వాట్ కూడా ఉండదు, గాలి తీసుకుపోతుంది. చిక్కంతా కట్టలోనే. సాయంత్రం గాజువాక వెళ్లే సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడికీ, మధ్యలో ఇరుక్కున్నవాడికీ ఉన్న తేడా ఇక్కడా ఉంటుంది. 60 కేబుళ్లూ నిండా కరెంటు మోస్తే కట్టలో ప్రతి మీటరుకీ 11 వాట్ల దాకా వేడి పుడుతుంది. నడిమధ్య ఉన్న కేబుల్‌కు ఆ వేడి వదిలించుకునే దారి లేదు.

మామూలు కేబుళ్లు ఎక్కువగా 60 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారవుతాయి. అందుకే చుట్టూ 45 డిగ్రీలున్నా ఇబ్బంది రాకుండా, కరెంటు వల్ల పెరిగే వేడిని 15 డిగ్రీలు దాటనివ్వొద్దంటారు. విశాఖలో పై అంతస్తు శ్లాబుకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య, మే నెల ఆదివారం ఏసీలు ఆపేసిన మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఆ 45 మరీ అతిశయోక్తి కాదు.

అలాగని మంటలు వస్తాయని కాదు. ముందు దెబ్బ తినేది డేటా. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ దాని రెసిస్టెన్స్ 0.4 శాతం దాకా పెరుగుతుంది. సిగ్నల్ బలహీనపడుతుంది, కాబట్టి నెట్ కేబుల్ పొడవుకున్న 100 మీటర్ల హద్దు దగ్గర ఉన్న లైన్లు మొదట తడబడతాయి. గిగాబిట్ లింకు మధ్యాహ్నం పూట 100 ఎంబీపీఎస్‌కి పడిపోవడం, కెమెరా దానంతటదే రీస్టార్ట్ కావడం లాంటివి. అందరూ స్విచ్‌నీ సాఫ్ట్‌వేర్‌నీ తిడుతుంటారు, పైన సీలింగ్‌లో కట్ట సంగతి ఎవరికీ తట్టదు.

క్యాట్ 6ఎలో సాధారణంగా 23 గేజ్ రాగి ఉంటుంది, మామూలు క్యాట్ 5ఇలో 24 గేజ్ (గేజ్ అంకె తగ్గితే తీగ మందం పెరిగినట్టు). మందం తేడా కొద్దిగానే కనిపించినా వేడి ఐదో వంతు తగ్గుతుంది. మంచిదే. కానీ నన్నడిగితే మొదటి ఖర్చు అక్కడ పెట్టను. 60 కేబుళ్లను 24కు మించని చిన్న కట్టలుగా విడదీయించండి, కట్టల మధ్య ఖాళీ వదలమనండి. బిగించి లాగే ప్లాస్టిక్ ట్యాగుల బదులు వెల్క్రో పట్టీలు వాడమనండి. పైపులో కుక్కకుండా జాలీ ట్రేలో వేయించండి. స్విచ్‌ను ఫ్లోరు మధ్యకు తెచ్చి కేబుళ్ల పొడవు సగానికి తగ్గించగలిగితే ఒక్కో కేబుల్‌లో వృథా కూడా దాదాపు సగమవుతుంది. ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే 6ఎ వేయించుకోండి.

ప్రశ్న: 305 మీటర్ల క్యాట్ 6 బాక్సు ఒక షాపులో దాదాపు సగం ధరకే ఇస్తున్నారు. 'కాపరే సార్' అంటున్నాడు. నమ్మొచ్చా?
– చిన్న వ్యాపారి, గాజువాక

జవాబు: అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, పైపూత కాపరే! లోపల అల్యూమినియం. దీన్నే సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అంటారు. రాగి కంటే రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లకు పైనే, కాబట్టి అదే కరెంటుకి వేడి కూడా అంతే ఎక్కువ. ఇది కేబులింగ్ ప్రమాణాలకు సరిపోదు. పీఓఈకి అసలు వాడొద్దు.

పట్టుకోవడం తేలిక. ఒక తీగను బ్లేడుతో గీకండి. ఎర్రటి పూత కింద తెల్లగా మెరిస్తే సీసీఏ. నాలుగుసార్లు అటూఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా. మల్టీమీటర్ ఉంటే ఇంకా ఖాయంగా తేలుతుంది: బాక్సులో కేబుల్ రెండు కొసలూ బయటికి తీసి, ఒక కొసన ఏదో ఒక జతలోని రెండు తీగలు కలిపేయండి, రెండో కొసన అదే జత మీద ఓమ్స్ చూడండి. నిండు బాక్సుకి అసలు రాగి అయితే 57 దాటకూడదు. 80 దాకా చూపిస్తే బేరం ఆపి ఇంటికి వచ్చేయండి.

ప్రశ్న: బీచ్ రోడ్డు వైపున్న కెమెరా తరచూ ఆగిపోతోంది. జాక్ ఊడదీసి పెడితే మళ్లీ వస్తుంది. పిన్నుల మీద పచ్చగా, నల్లగా మచ్చలున్నాయి.
– లాడ్జి నిర్వాహకుడు, పెదవాల్తేరు

జవాబు: పచ్చదనం ఉప్పుగాలి పని. పిన్నుల మీది బంగారు పూత అరిగిన చోట కింది లోహాన్ని తినేస్తోంది. నల్లమచ్చలు బహుశా మీరు ఊడదీసి పెట్టడం వల్లే. కరెంటు పారుతుండగా జాక్ లాగితే చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఒకటి రెండుసార్లకు ఏమీ కాదు, రోజూ చేస్తే పిన్ను పాడై అక్కడే వేడెక్కుతుంది. జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేయించండి, వాటర్‌ప్రూఫ్ మూత తప్పనిసరి. గోడలోకి వెళ్లే ముందు వైరు కిందికి వంపు తిరిగి వెళ్లాలి, అప్పుడు వాన నీరు అక్కడే కారిపోతుంది. ఇకమీదట జాక్ తీయాల్సి వస్తే ముందు స్విచ్‌లో ఆ పోర్టు పవర్ ఆపండి.

ప్రశ్న: పొరపాటున లాప్‌టాప్‌ని పీఓఈ పోర్టుకి తగిలించాను. కాలిపోతుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, సీతమ్మధార

జవాబు: కాలిపోదు. ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ ముందు 10 వోల్టుల లోపే పంపి, అవతల పీఓఈ పరికరాన్ని పట్టిచ్చే 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందో లేదో చూస్తుంది. లాప్‌టాప్‌లో అది ఉండదు కాబట్టి కరెంటు వదలదు. కొన్ని చవక ఇంజెక్టర్లు (నెట్ వైరులోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టెలు) మాత్రం ఏదీ అడక్కుండానే కరెంటు తోసేస్తాయి. దాని మీద 'పాసివ్' అని రాసి ఉంటే లాప్‌టాప్‌ను దాని దరిదాపులకు తీసుకెళ్లకండి.