పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: వెయ్యి మంది ఊరికి అంత స్టేషనా?

ప్రశ్న: బార్సిలోనాలో చదువుకుంటున్న మా అబ్బాయి మొన్న సెలవులకు పోర్ట్‌బౌ అనే సముద్రతీరపు ఊరు చూసొచ్చాడు. ఊరు చిన్నదైనా స్టేషన్ మాత్రం మన గుంటూరు జంక్షన్‌ను తలపించిందట. ఆ ఊరు ఎక్కడుంది? అంత స్టేషన్ ఎందుకు కట్టారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పోర్ట్‌బౌ స్పెయిన్‌లోని కాటలోనియాలో, జిరోనా ప్రావిన్సులో, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న మున్సిపాలిటీ. జనాభా వెయ్యికి కాస్త అటూ ఇటూ. పిరనీస్ పర్వతాల తూర్పు కొస అయిన అల్బేరా కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగేచోట, ఒక చిన్న అఖాతం చుట్టూ ఈ ఊరు ఇరుక్కుని ఉంటుంది. ఉన్న కొద్దిపాటి చదును నేలలో పెద్ద వాటా స్టేషన్‌దే.

1878లో బార్సిలోనా వైపు నుంచి వచ్చిన రైలు మార్గాన్ని ఇక్కడే కొండ కింద సొరంగం గుండా ఫ్రాన్స్‌లోని సెర్బేర్ ఊరితో కలిపారు. కలిపారే గానీ, స్పెయిన్ పట్టాల వెడల్పు నేటి లెక్కలో 1668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌ది 1435. గుంతకల్లు మార్గం మీటర్ గేజ్‌గా ఉన్న రోజులు చూసిన మన జిల్లావారికి దీని పర్యవసానం వివరించనక్కర్లేదు. ప్రయాణికులు బండి మారాలి, సరకును ఒక వ్యాగన్‌లోంచి ఇంకోదానిలోకి మోయాలి, పైగా సరిహద్దు కాబట్టి కస్టమ్స్ తనిఖీ తప్పదు. సెర్బేర్‌లో స్పెయిన్ నారింజలను గంపలతో మార్చిన మహిళా కూలీలు 1906లో సమ్మె కూడా చేశారు. ఇప్పుడున్న పోర్ట్‌బౌ స్టేషన్ భవనం 1929 నాటిది. మా దృష్టిలో, ఊరి కోసం స్టేషన్ కాదు, స్టేషన్ కోసమే ఊరు పెరిగింది.

అందుకే ఆ అడ్డంకి తొలగేకొద్దీ ఊరూ తగ్గింది. 1969లో చక్రాల మధ్య దూరాన్ని తానే సర్దుకునే టాల్గో రైలు వచ్చింది. 1993 ఆరంభంతో ఐరోపా దేశాల మధ్య కస్టమ్స్ తనిఖీలు పోయాయి. 2013 నుంచి బార్సిలోనా–పారిస్ హైస్పీడ్ రైళ్లు ఫిగెరెస్ మీదుగా, లోపలి వైపున్న పెర్తుస్ సొరంగంలోంచి నేరుగా వెళ్తున్నాయి. తీరం వెంబడి వచ్చే ప్రాంతీయ రైళ్లు మాత్రం ఇప్పటికీ పోర్ట్‌బౌకు వస్తాయి. రోడ్డు మీద వెళ్లాలంటే ఎన్-260 రహదారి ఉంది. అది మలుపులు తిరుగుతూ బెలిత్రెస్ కనుమకు ఎక్కి ఫ్రాన్స్‌లోకి దిగుతుంది. ఉత్తరం నుంచి వీచే ట్రముంతానా గాలి ఉద్ధృతంగా ఉన్న రోజున ఆ దారిలో నిదానంగా వెళ్లడం మంచిది.

ప్రశ్న: స్పెయిన్ గేజ్ మన బ్రాడ్ గేజ్ ఒకటేనా? ఫ్రెంచి సైన్యం రైళ్లలో దండెత్తి రాకుండా దాన్ని వెడల్పుగా పెట్టారంటారు, నిజమేనా?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: దాదాపు ఒకటే. మనది 1676 మిల్లీమీటర్లు, వారిది ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ. మన గేజే ఉన్న అర్జెంటీనా, స్పెయిన్‌లో వాడిన బండ్లను కొనుక్కొని నడిపింది కూడా. దండయాత్ర కథ ప్రచారంలో ఉన్నా, ఈ గేజ్‌ను సూచించిన 1844 నాటి ఇంజినీర్ల నివేదిక చెప్పిన కారణం వేరు: కొండ ఎత్తులు ఎక్కడానికి పెద్ద బాయిలర్ ఉన్న శక్తిమంతమైన ఇంజన్లు కావాలని. అయితే విజయవాడ షెడ్డులోని ఎలక్ట్రిక్ ఇంజన్‌ను అక్కడి పట్టాలెక్కించినా కదలదు. మనది 25,000 వోల్టుల ఏసీ, స్పెయిన్ పాత మార్గాల్లో 3,000 వోల్టుల డీసీ.