‘వ్యాపారం మన ఇంటా వంటా లేదు’ అంటున్నారు, పిల్లోణ్ణి ఆపాలా?

ప్రశ్న: మాది కమలాపురం దగ్గర పల్లె. మా ఆయన పన్నెండేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. మావాడు కడపలో బీకాం పూర్తిచేశాడు. ఊళ్లోనే చెనక్కాయల గానుగ పెడతానంటున్నాడు. ఆయన పంపిన దాంట్లో కూడబెట్టింది ఆరు లక్షలుంది. మా బావగారేమో ‘వ్యాపారం మన ఇంటా వంటా లేదు, అది శెట్లకే కలిసొస్తుంది. వాణ్ణి కువైట్ పంపించు, లేదంటే బ్యాంకు కోచింగ్‌లో చేర్పించు’ అంటున్నారు. నేను డ్వాక్రా సంఘం లీడర్ని. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, మీ బావగారి మాటను నేను కొట్టిపారేయను. ఆయన కళ్లారా చూసిందే చెప్పారు. మన ప్రొద్దుటూరునే తీసుకోండి. బంగారానికీ బట్టలకూ పేరుపడి ‘రెండో బొంబాయి’ అనిపించుకున్న ఊరు. అక్కడ తరతరాలుగా ఆర్యవైశ్య కుటుంబాలు నడిపే అంగళ్లు చాలా ఉన్నాయి. అది చూసి ‘వ్యాపారం వాళ్ల రక్తంలోనే ఉంది’ అనుకుంటాం. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి.

చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం అక్కడి బట్టల అంగట్లో రెండు గంటలు కూర్చున్నాను. ఏడో తరగతి పిల్లోడు స్కూలు నుంచి వచ్చి, బ్యాగు గల్లాపెట్టె కింద పెట్టి, నాన్న పక్కన కూర్చున్నాడు. నాన్న నోట్ల కట్ట ఇచ్చి లెక్కపెట్టమన్నాడు. యాభై రూపాయలు తేడా వచ్చింది. తిట్టలేదు, ‘మళ్లీ లెక్కపెట్టు నాయనా’ అన్నాడు. మూడోసారికి సరిపోయింది. ఇంతలో దగ్గరి చుట్టం ఒకాయన వచ్చి రెండు చీరలు అరువు అడిగాడు. నాన్న నవ్వి, కాఫీ తెప్పించి, కుశల ప్రశ్నలన్నీ అడిగి, అరువు మాత్రం ఇవ్వలేదు. ఆయన కోపం తెచ్చుకోకుండా ఒక చీర డబ్బిచ్చి కొనుక్కొనిపోయాడు. అంగడి మూసేటప్పుడు ఇల్లాలు కూరగాయలకు రెండొందలు తీసుకుంటే ఆ రెండొందలూ ‘ఇంటి ఖర్చు’ అని ఖాతాలో రాశారు. సొంత గల్లాలోంచి సొంత భార్య తీసుకున్న డబ్బుకూ లెక్కే.

ఆ పిల్లోడికి ఇలాంటి సాయంత్రాలు పదేళ్లపాటు దొరుకుతాయి. పెద్దయ్యాక రెండేళ్లు మేనమామ అంగట్లో పనిచేస్తాడు. సొంతంగా పెట్టుకునే రోజున, మేనమామ చెప్పాడని హోల్‌సేల్ వ్యాపారి నెల గడువు మీద సరుకిస్తాడు. నష్టమొస్తే కులంలో పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇందులో రక్తం ఏముందమ్మా? నేర్పే ఇల్లు, మాట మీద దొరికే అప్పు, పడితే లేవదీసే నలుగురు. ఈ మూడూ లేనివాళ్లు ఓడిపోతే ‘కలిసిరాలేదు’ అంటాం.

పుట్టిన ఇంట్లో ఇవి లేకపోతే బయట సంపాదించుకోవచ్చు, మన సీమలోనే అది జరిగింది. నేత పనివాళ్ల చేతిలో పనితనం ఉన్నా నూలు కొనే పెట్టుబడి, బట్ట అమ్ముకునే దారి ఉండేవి కావు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. ఒక్కో నేతగాడికి విడిగా చిక్కనిదాన్ని సంఘం సమకూర్చింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక మీ ఇంటి సంగతి. ‘నేను డ్వాక్రా లీడర్ని’ అని ఒక్క మాటలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. నెలనెలా పొదుపు కట్టించడం, ఎవరికి అప్పివ్వచ్చో ఎవరికి ఇవ్వకూడదో మనిషిని చూసి తేల్చడం, కిస్తీ ఆపినవాళ్ల ఇంటికి పోయి సంబంధం చెడకుండా వసూలు చేసుకురావడం... ప్రొద్దుటూరు అంగట్లో ఆ తండ్రి చేసింది ఇదే కదా! వ్యాపారం మీ ఇంటా వంటా ఉంది. బావగారికి కనబడలేదంతే.

మీవాడికి ఇంకో బలముంది. చుట్టాలంతా చెనక్కాయలు పండించేవాళ్లే. కల్లంలోనే మంచి కాయ ఏరి కొనగలడు. కువైట్ పోయేవాళ్ల పెట్టెల్లో చెనక్కాయల పొడి ఎలాగూ ఉంటుంది, ఆ ఇళ్లే మొదటి గిరాకీ అవుతాయి. అయితే అదే చుట్టరికం ముంచగలదు కూడా. ‘మనోడే కదా, పంట రాగానే ఇస్తాం’ అని ఊరంతా నూనె అరువు పట్టుకుపోతే ఆరు నెలల్లో గానుగ మూతపడుతుంది. అరువు లేదని మొదటి రోజే, అందరికీ ఒకే మాటగా చెప్పాలి. మొహమాటం అబ్బాయికి అడ్డొస్తే ఆ మాట మీరు చెప్పండి.

యంత్రం ఇప్పుడే కొనొద్దు. ముందు మీవాణ్ణి నడుస్తున్న గానుగలో ఆరు నెలలు పనికి పెట్టండి. ‘డిగ్రీ చదివి గానుగ చెక్క ఎత్తడమేంది’ అని ఊళ్లో అంటారు. వ్యాపారం తెలిసిన ఇళ్లలో ఎవరూ అలా అనరు, ఆ పని చేయకుండా గల్లా దగ్గర కూర్చోనివ్వరు కూడా. ఈలోగా 100 కిలోల కాయ కొని, వేరేవాళ్ల గానుగలో కూలికి ఆడించి అమ్మి చూడమనండి. ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. పప్పులో నూనె సగానికి కాస్త తక్కువే, అదీ మొత్తం గానుగలో దిగదు. మిగిలే చెక్కను పాడి పశువులున్నవాళ్లకు అమ్ముకోవాలి, ఆ డబ్బు కలుపుకుంటేనే లెక్క నిలబడుతుంది. కాయ ధర, ఒలుపు, కూలి, సీసాలు, ఆటో, అన్నీ రాసుకుంటే బీకాం చదివిన పిల్లోడికి తేడా తెలిసిపోతుంది.

అది నిలబడితే అప్పుడు కడపలోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకు సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం) గురించి, ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనల గురించి కనుక్కోండి. 2022లో సవరించిన నిబంధనల్లో పల్లెలో పెట్టే యూనిట్‌కు మహిళలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. అంటే ఆరు లక్షల యూనిట్‌కు మీ పేరు మీద పెడితే మీ చేతి నుంచి ముందుగా 30 వేలు, సబ్సిడీ 2 లక్షల 10 వేలు. కానీ పేరుకు మాత్రం మీరుండి అంతా వాడే చేసేటట్టయితే ఆ పని చేయొద్దు. నిజంగా ఇద్దరూ నడిపితేనే. సబ్సిడీ చేతికివ్వరు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. ఇది కొత్త యూనిట్లకే, కాబట్టి తొందరపడి ముందే యంత్రం కొనేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

మీ ఆయన పన్నెండేళ్ల కష్టంలోంచి లక్షకు మించి ఇప్పుడు కదపకండి. మిగతా అయిదు లక్షలు ఉన్నచోటే ఉండనివ్వండి. బ్యాంకు కోచింగ్ ఏడాది ఆగితే పోయేదేమీ లేదు, వాడి వయసు అందుకు సరిపోతుంది.

శుక్రవారం మీ ఆయనకు సెలవు కదా, తీరిగ్గా ఫోన్ చేస్తారు. ఆ 100 కిలోల కాయ అమ్ముడైన వారం, ఫోన్ మీరు మాట్లాడకుండా మీవాడి చేతికివ్వండి. లెక్క పుస్తకం ముందు పెట్టుకుని, ఎంత పెట్టాడో ఎంత వచ్చిందో నాన్నకు వాడే చదివి చెప్పనివ్వండి.