పాస్ చేతకాని జట్టుకు పెద్ద జట్టు మీద ఆశ ఉంటుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్. మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఎక్కువగా బంతి పట్టుకుని పరిగెత్తే ఆటే ఆడుతుంది. గత శనివారం మా క్వార్టర్‌బ్యాక్ విసిరిన పాస్‌లలో మూడో వంతు కూడా చేరలేదు, రెండు ఏకంగా ఎదుటివాళ్ల చేతుల్లో పడ్డాయి. వచ్చే వారం దేశంలో టాప్ ఐదులో ఉన్న జట్టుతో మ్యాచ్. ఈ వారంలో పాస్ బాగుపడుతుందా? వెళ్లి చూడటం దండగా?"

ఈ వారంలో బాగుపడదండీ. సీజన్ మధ్యలో ఏ కోచ్ వల్లా అయ్యే పని కాదది. కానీ మీరు కంగారు పడుతున్నది అసలు చోట కాదని నా అభిప్రాయం.

నేను 2014 ఆగస్టులో అట్లాంటాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో చేరాను. అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది, దాన్ని చేత్తో ఆడతారని, అంతే. క్యాంపస్ పక్కనే హోమ్ పార్క్‌లో మా ఇంట్లో గుంటూరు వాళ్లిద్దరు, ఒక వరంగల్ అబ్బాయి. వరంగల్ అబ్బాయి మాకంటే ఏడాది ముందు వచ్చాడు కాబట్టి గురువు వాడే. శనివారం వస్తే పప్పూ అన్నం తిని మా యూనివర్సిటీ బాబీ డాడ్ స్టేడియానికి నడిచి వెళ్లిపోయేవాళ్లం. మా కోచ్ పాల్ జాన్సన్ 2008లో నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ) జట్టు నుంచి వచ్చినాయన. ఆయన ఆడించేది ట్రిపుల్ ఆప్షన్ అనే రన్ ఆట, అదేమిటో కింద చెబుతాను. దేశంలో మిగతా పెద్ద కాలేజీలన్నీ పాస్‌ల వెంట పడుతుంటే, మేం మాత్రం మ్యాచ్ మొత్తం మీద పదిహేను పాస్‌లు వేస్తే ఎక్కువ. అందుకే మీ బాధ నాకు బాగా తెలుసు.

మీకిది మొదటి సీజన్ కాబట్టి ఒక్క మాట. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డ్‌లు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి. రన్ మీద బతికే జట్టు లెక్కంతా ఇందులోనే ఉంది. మొదటి ప్రయత్నంలో నాలుగు, రెండోదాంట్లో నాలుగు వస్తే మూడోదాంట్లో రెండే కావాలి. ఆ రెండు యార్డ్‌లకు పాస్ అక్కర్లేదు. మొదటి ప్రయత్నంలో ఒక్క యార్డే వచ్చిందనుకోండి, అక్కడి నుంచి తొమ్మిది కావాలి. మూడోదానికి వచ్చేసరికి ఇంకా ఎనిమిది మిగిలితే పాస్ తప్పదు. పాస్ వేస్తారని స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుస్తుంది. అలా విసిరిన పాస్ చేరకపోవడంలో వింత లేదు. మీ క్వార్టర్‌బ్యాక్ విసిరినవాటిలో ఎన్ని ఇలాంటి పరిస్థితుల్లో విసిరాడో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. సగానికి పైగా అవే అయితే, తప్పు జరిగింది పాస్‌లో కాదు, దానికి ముందు జరిగిన రెండు రన్‌లలో.

క్రికెట్ లెక్కలో చెప్పాలంటే, సింగిల్స్‌తో లాక్కొచ్చే జట్టుకు కావాల్సిన రన్ రేట్ ఆరు దాకా ఉంటే ఇబ్బంది లేదు, పన్నెండుకు చేరితే సిక్సర్ కొట్టడం రానివాడు కూడా బ్యాట్ ఊపాలి.

పాస్ ఒక్క వారంలో ఎందుకు బాగుపడదంటే, దానికి మూలాలు లోతుగా ఉంటాయి. రన్ ఆడే జట్టులో లైన్‌మెన్, అంటే ముందు వరుసలో ఎదుటివాళ్లను అడ్డుకునేవాళ్లు, చేతిని నేలకు ఆనించి, ఒంటి బరువంతా ముందుకు వేసి, బంతి కదలగానే ఎదుటివాడి మీదికి దూకుతారు. పాస్‌కు కావాల్సింది దీనికి పూర్తిగా తిరగేసిన పని. వెనక్కి అడుగు వేస్తూ, మీదికొచ్చేవాణ్ని రెండు మూడు సెకన్లు ఆపాలి. ఏడాది పొడవునా మొదటిది సాధన చేసినవాళ్లకు రెండోది ఐదు రోజుల్లో రాదు. మా లైన్‌లో గార్డ్‌గా ఆడిన షాక్ మేసన్‌ను 2015లో, ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ నాలుగో రౌండ్‌లో తీసుకుంది. అతను రన్ బ్లాకింగ్‌లో దిట్ట అని అందరూ ఒప్పుకున్నా, పాస్‌కు కాపలా కాయగలడా అన్న అనుమానం డ్రాఫ్ట్ ముందు అతన్ని వదల్లేదు. తర్వాత నేర్చుకున్నాడు, సూపర్ బౌల్‌లు (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్స్) గెలిచాడు, కానీ అక్కడ అదే ఉద్యోగం. కాలేజీలో వారానికి దొరికే సాధన సమయం పరిమితం. పైగా క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకునేటప్పుడే కాళ్లు చూసి ఎంచుకుంటారు. మంచి రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) బంతి తమవైపు రాని చోటికి చేరడానికి ఇష్టపడరు. ఇవన్నీ కోచ్‌కు తెలిసి చేసుకున్న బేరాలే.

ఆ బేరంలో లాభం ఏమిటో 2014లో కళ్లారా చూశాను. మా క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ థామస్ పాస్‌లలో చేరినవి సుమారు సగమే. మామూలు పెద్ద కాలేజీలో అలాంటి అంకె ఉంటే క్వార్టర్‌బ్యాక్‌ను మార్చమని గోల చేస్తారు. మేం మాత్రం 11 మ్యాచ్‌లు గెలిచి, 3 ఓడాం. మూడో ప్రయత్నాన్ని గట్టెక్కించుకోవడంలో దేశంలోనే ముందున్నాం. ఎందుకంటే మూడో ప్రయత్నానికి వచ్చేసరికి మాకు మిగిలేది ఒకటో రెండో యార్డ్‌లు.

ట్రిపుల్ ఆప్షన్‌లో క్వార్టర్‌బ్యాక్ బంతి తీసుకోగానే మధ్యలోంచి దూసుకెళ్లే బలమైన రన్నర్ కడుపులో పెడతాడు. ఎదుటి లైన్‌లో ఒకణ్ని కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. వాడు మధ్యలోకి వస్తే బంతి వెనక్కి లాక్కుని క్వార్టర్‌బ్యాక్ పక్కకు పరిగెడతాడు. అక్కడ ఇంకొకణ్ని వదిలేస్తారు. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదికొస్తే బంతి పక్కనున్నవాడికి పిచ్ చేస్తాడు, అంటే పక్కకు విసిరేస్తాడు. ఇద్దరిని ఎవరూ ముట్టుకోకుండానే ఆట నుంచి తప్పించేస్తారన్నమాట. మిగతావాళ్లను అడ్డుకోవడానికి మనవైపు ఇద్దరు ఎక్కువ మిగులుతారు. బలం తక్కువైన జట్టు బలమైన జట్టు ముందు నిలబడే కిటుకు ఇదే.

ఇక పాస్ ఎప్పుడంటే, ఇదంతా పదే పదే జరిగి వెనక కాపలా ఉండే సేఫ్టీ విసిగిపోయి, పిచ్ ఆపడానికి ముందుకు పరిగెత్తడం మొదలుపెట్టినప్పుడు. రిసీవర్ ప్రతిసారీ బ్లాక్ చేయడానికి వచ్చినట్టే వస్తాడు, ఈసారి పక్కనుంచి జారి వెళ్లిపోతాడు. అతని వెనక ఎవరూ ఉండరు. 2009లో మా జట్టులో డెమేరియస్ థామస్ అనే రిసీవర్ ఒక్కో క్యాచ్‌కు సగటున 25 యార్డ్‌లు రాబట్టింది ఇలాగే. మరుసటి ఏడాది డెన్వర్ జట్టు అతన్ని మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. 2014లో డీఆండ్రే స్మెల్టర్, డారెన్ వాలర్ ఆ పని చేసేవాళ్లు. పొడుగైనవాళ్లు, ఒంటరిగా ఒక కార్నర్‌తో (రిసీవర్‌కు కాపలా కాసేవాడితో) తలపడితే బంతి లాక్కునేవాళ్లు. బంతి గాల్లో ఉండగానే మా వరంగల్ గురువు "అయిపోయింది రా" అని లేచి నిలబడేవాడు.

అంటే ఇలాంటి జట్టులో పాస్ అనేది రన్ తెచ్చిపెట్టే వడ్డీ. రన్ ఆడితేనే అది వస్తుంది.

పెద్ద జట్టు దగ్గర చిక్కు సరిగ్గా ఇక్కడే. 2014 నవంబర్‌లో క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు మా ఊరు వచ్చింది. మేం 28-6తో గెలిచాం. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ మొదట్లోనే మోకాలి గాయంతో వెళ్లిపోయాడు, అతని బదులు వచ్చినతను విసిరిన రెండు పాస్‌లను మావాళ్లు పట్టి నేరుగా టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) చేసేశారు. ఊళ్లో పండగే. ఆ తర్వాత వరుసగా నాలుగేళ్లు అదే క్లెమ్సన్ చేతిలో ఓడాం: 43-24, 26-7, 24-10, 49-21. ఈ నాలుగేళ్లలో వాళ్లు రెండుసార్లు జాతీయ ఛాంపియన్లు. 2015 మ్యాచ్‌లో రన్ మీద బతికే మా జట్టు వంద రన్నింగ్ యార్డ్‌లు కూడా దాటలేదు. వాళ్ల ముందు వరుసలోవాళ్లు మధ్య రన్‌ను ఎవరి సాయమూ లేకుండా ఆపేశారు. వాళ్లే ఆపేస్తే సేఫ్టీ ముందుకు రావాల్సిన పనేముంది? వాడు వెనకే ఉన్నాడు. సేఫ్టీ వెనకుంటే పాస్‌కు చోటు లేదు. మర్నాడు అందరూ "మాకు పాస్ రాదు" అని తిట్టుకున్నారు. నిజానికి చచ్చింది రన్. 2018లో మమ్మల్ని చిత్తు చేసిన వాళ్ల లైన్‌లోంచి క్రిస్టియన్ విల్కిన్స్, క్లెలిన్ ఫెరెల్, డెక్స్టర్ లారెన్స్ ముగ్గురూ 2019 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. అలాంటివాళ్ల ముందు మా పిల్లలు ఏం చేస్తారు చెప్పండి.

అదే 2018 అక్టోబర్‌లో వర్జీనియా టెక్‌తో మ్యాచ్‌లో మావాళ్లు మొత్తం మీద ఒకే ఒక్క పాస్ ప్రయత్నించారు, అదీ చేరలేదు. 465 యార్డ్‌లు పరిగెత్తి 49-28తో గెలిచారు. అప్పటికి నేను డాలస్‌లో ఉద్యోగంలో ఉన్నాను, టీవీలో చూస్తూ నవ్వు ఆపుకోలేకపోయాను. సున్నా పాస్‌లతో గెలిచిన జట్టుకు పాస్ సమస్య ఉన్నట్టా లేనట్టా?

మీ ప్రశ్నకు నా అనుభవంలో బాగా దగ్గరైన మ్యాచ్ 2015 అక్టోబర్‌లోది. స్మెల్టర్, వాలర్ వెళ్లిపోయారు, మంచి రన్నర్లూ చదువు ముగించుకుని పోయారు. థామస్ పాస్‌లు సగం కూడా చేరని ఏడాది అది. వరుసగా ఐదు ఓడి ఉన్నాం. వచ్చిందేమో తొమ్మిదో ర్యాంకు ఫ్లోరిడా స్టేట్. తమ కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల లీగ్‌లో) వరుసగా 28 మ్యాచ్‌లు గెలిచినవాళ్లు. చివరి క్షణాల్లో స్కోరు 16-16. వాళ్లు చాలా దూరం నుంచి ఫీల్డ్ గోల్ (గోల్ పోస్టుల మధ్యకు బంతిని తన్నడం) కొడితే మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు, కింద పడ్డ బంతిని లాన్స్ ఆస్టిన్ అనే కుర్రాడు అందుకుని చివరి దాకా పరిగెత్తాడు. 22-16. దాన్ని అద్భుతం అంటారు, నిజమే. అయితే ఆ అద్భుతానికి ముందు మూడున్నర గంటలు మ్యాచ్ చేతిలోంచి జారిపోకుండా ఉంది, నాకు అదే పెద్ద విషయం. పద్నాలుగు పాయింట్లు వెనకబడి ఉంటే ఆఖరి బంతికి అర్థమే ఉండేది కాదు. ఆ సీజన్ మాత్రం 3 గెలుపులు, 9 ఓటములతో ముగిసింది. ఒక్క గెలుపుతో సీజన్ ఏమీ మారిపోలేదు.

ఇంకో ఉదాహరణ ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టు. 2017లో వాళ్లు మ్యాచ్‌కు సగటున 30 పాస్ యార్డ్‌లు కూడా లేకుండా పది మ్యాచ్‌లు గెలిచారు. 2018 సెప్టెంబర్‌లో ఓక్లహోమా ఊరెళ్లి ఆడారు. అటువైపు క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రీ, ఆ ఏడాది కాలేజీ ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. ఆర్మీ అరవై నిమిషాల ఆటలో దాదాపు 45 నిమిషాలు బంతిని తమ దగ్గరే పెట్టుకుంది. మర్రీ ఎంత గొప్పవాడైనా బెంచీ మీద కూర్చుంటే ఏం చేస్తాడు? నాలుగు క్వార్టర్ల తర్వాత 21-21. ఓవర్‌టైమ్‌లో ఓక్లహోమా టచ్‌డౌన్ చేసింది, ఇక ఆర్మీకి పాస్ వేయక తప్పలేదు, అది ఎదుటివాడి చేతిలో పడింది. 28-21. పాస్ చేతకాకపోవడం వల్ల వాళ్లు నష్టపోయింది అక్కడ, ఆ ఒక్కచోటే.

కాబట్టి వచ్చే శనివారం పాస్ అంకెలు పక్కన పెట్టి, మీ జట్టు మొదటి ప్రయత్నంలో మధ్యలోంచి పరిగెత్తినప్పుడు ఎన్ని యార్డ్‌లు వస్తున్నాయో చూడండి. మొదటి రెండు మూడు అవకాశాల్లోనే సంగతి తెలిసిపోతుంది. నాలుగు వస్తుంటే మ్యాచ్ ఉంది. ఒకటి, సున్నా, మైనస్ రెండు అని వస్తుంటే లేదు. నాలుగో ప్రయత్నంలో ఒకటో రెండో యార్డ్‌లు మిగిలితే మీ కోచ్ బంతి తన్నేసి వదులుకుంటాడా, తెగించి పరిగెత్తిస్తాడా అన్నది కూడా చూడండి. పెద్ద జట్టు మీద భయపడి బంతి ఇచ్చేసే కోచ్‌తో ఇలాంటి మ్యాచ్ గెలవలేరు. మా జాన్సన్‌కు మాత్రం నాలుగో ప్రయత్నమంటే లెక్కే లేదు. టిక్కెట్లు కొన్నవాళ్లు గగ్గోలు పెట్టినా పట్టించుకునేవాడు కాదు.

చూడటానికి వెళ్లండి, దండగ కాదు. సీటు ఎంచుకునే వీలుంటే మైదానం పక్కన కింది వరుసలు వద్దు. గోల్ పోస్టుల వెనక, పై వరుసల్లో కూర్చోండి. అక్కడి నుంచి లైన్‌లో ఖాళీలు తెరుచుకోవడం, వెనకున్న సేఫ్టీలు అడుగడుగునా ముందుకు జరగడం కనబడుతుంది. సేఫ్టీ ఎనిమిది యార్డ్‌ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడంటే మీ క్వార్టర్‌బ్యాక్ పాస్ వేస్తాడు, అది చేరే అవకాశం కూడా బాగానే ఉంటుంది. పక్కవాళ్లకు ముందే చెప్పండి, పాతకాపు అనుకుంటారు.

ఫలితం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. రెండు టచ్‌డౌన్‌లకు పైగా తేడాతో ఓడతారనే నా అంచనా, టాప్ ఐదు జట్లు ఊరికే అక్కడికి చేరవు, వాటి లైన్ అంత గట్టిగా ఉంటుంది. హాఫ్ టైమ్‌కు ఏడు పాయింట్ల లోపు తేడా ఉంటే మాత్రం ఇక్కడే కామెంట్ పెట్టండి, నేనూ టీవీ ముందే ఉంటాను.