మెలేసిన స్పోకులు రోజూ తొక్కే సైకిలుకు పనికొస్తాయా?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాత వాడిన 28 సైజు బండిని బాగుచేసుకుంటున్నావు, జడ్చర్ల పక్క ఊరి నుంచి కాలేజీకి పోను రాను 20 కిలోమీటర్లు దాని మీదే తిరగాలనుకుంటున్నావు, వీడియోల్లో చూసిన స్నోఫ్లేక్ లాగా స్పోకులు మెలేసి అల్లించాలనుంది, అది కాకపోతే క్రాస్ (స్పోకులు ఒకదాన్నొకటి దాటడం) లేకుండా హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, నుంచి రిమ్ముకు సూటిగా, లేదంటే కాకికాలు అల్లిక, ఈ మూడింట్లో ఏది అని అడిగావు. ముందు జవాబు చెప్పేస్తాను. వెనక చక్రానికి ఈ మూడూ వద్దు, మామూలు క్రాసే ఉంచు. ముందు చక్రానికి సూటి అల్లిక నడుస్తుంది, కొత్త హబ్బు వేసుకుంటేనే. మెలేసింది మాత్రం రోజూ తొక్కే బండికి పెట్టుకోకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే నేను చేసి చూశాను. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు మా నాయినకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. 1996లో నేను ఇంటర్ చదువుతూ సాయంత్రాలు అక్కడే కూర్చునేవాణ్ని. మా దగ్గర చక్రాలు అల్లే చాచా ఒకాయన ఉండేవాడు, మెలేసిన అల్లికను ఆయన జడ అనేవాడు. పక్కపక్క స్పోకులు రెండింటిని మధ్యలో ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, మళ్లీ విడదీసి రిమ్ముకు బిగించాలి, దానికి స్పోకులు కాస్త పొడవైనవి కావాలి. నేను పట్టుబట్టి ఒక ముందు చక్రాన్ని అలా అల్లాను. రెండు రోజులు పట్టింది. హబ్బుకు రంగుల కుచ్చు కట్టి బయట నిలబెడితే పిల్లలంతా అదే బండి కావాలని అడిగారు, ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

వారం తిరగకముందే టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. బెండు తీసి, అంటే రిమ్ము వంకర సరిచేసి, బిగించాను. నాలుగు రోజులకు మళ్లీ వదులు. మళ్లీ బిగించాను. చివరికి ఒక పిల్లవాడు చెల్లెల్ని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పానగల్లు పోయాడు, అక్కడ చక్రం వంకరపోయి రిమ్ము బ్రేకు రబ్బరుకు పట్టేసింది. ఇద్దరూ ఎండలో నడిపించుకుంటూ వచ్చారు. చక్రం విప్పి చూస్తే మెలిక దగ్గరే ఒక స్పోకు తెగి ఉంది. వాళ్లకు దెబ్బ తగల్లేదు, కానీ చెరువు కట్ట మీద అది కూలి ఉంటే ఏమయ్యేదని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు వదులయిందో చాచా మరుసటి రోజు ఒక తీగ చేతికిచ్చి చూపించాడు. "బేటా, వంచిన తీగను రెండు చివరలా లాగు" అన్నాడు. లాగితే వంపు కొంచెం సాగి తీగ పొడవు పెరిగింది. చక్రంలోనూ అదే జరుగుతుంది. మెలిక దగ్గర వంగిన స్పోకు నడిచేకొద్దీ కాస్త కాస్త సాగి నిటారవుతుంది, సాగినంత మేర టెన్షన్, అంటే స్పోకులో ఉండే బిగువు, పోతుంది. టెన్షన్ పోయిందంటే ఇక ఆ చక్రంలో ఏమీ లేనట్టే.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ అల్లిక మంచిదో ఏది కాదో ఇక్కడే తేలుతుంది. 2 మిల్లీమీటర్ల తీగ, అంటే మనం 14 గేజ్ అనేది, దాని మీద నిలువుగా బరువు పెడితే వంగిపోతుంది, ఏమీ మోయదు. ఎడ్లబండి చక్రంలో కట్టె ఆకులు కింద నిలబడి మోస్తాయి, సైకిల్ చక్రం అలా కాదు. స్పోకులన్నిటినీ ముందే గట్టిగా లాగి బిగిస్తాం. నువ్వు బండెక్కగానే నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు స్పోకుల్లో ఆ బిగువు కొంత తగ్గుతుంది, మిగతా వాటిలో పెద్దగా తేడా రాదు. ఆ తగ్గిన బిగువే నీ బరువు. 28 సైజు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 450 చుట్లు. నువ్వు చెప్పిన 20 కిలోమీటర్లకు ఒక్కో స్పోకు రోజుకు 9,000 సార్లు వదులై మళ్లీ బిగుసుకుంటుంది. ముందే గట్టిగా ఉంటే ఆ తగ్గుదలను తట్టుకుంటుంది. వదులుగా ఉంటే కిందికి వచ్చిన ప్రతిసారీ పూర్తిగా సడలిపోయి, హబ్బు దగ్గర వంపులో అటూ ఇటూ ఆడి ఆడి అక్కడే విరుగుతుంది. స్పోకు విరిగితే ఎక్కువ బిగించారని మనవాళ్లు తిడతారు. నేను చూసినంతలో చాలా వరకు వదులు వల్ల విరిగినవే. మెలేసిన చక్రంలో వంపు హబ్బు దగ్గరే కాదు, ప్రతి జత మధ్యలోనూ ఉంటుంది. పైగా ఒకటి బిగిస్తే దాని జోడీ కూడా కదులుతుంది కాబట్టి బెండు తీయడం నరకం, ఒకటి తెగితే జత మొత్తం విప్పాలి.

ఇక సూటి అల్లిక. వెనక చక్రంలో గొలుసు ఫ్రీవీల్‌ను (వెనక పళ్ల చక్రాన్ని) లాగుతుంది, అది హబ్బును తిప్పుతుంది, ఆ తిప్పుడు స్పోకుల ద్వారానే రిమ్ముకు చేరాలి. స్పోకు హబ్బు అంచును తాకుతూ పక్కకు పోతేనే తిప్పగలదు. సరిగ్గా మధ్య నుంచి బయటికి పోయే స్పోకుకు ఆ పట్టు ఉండదు, హబ్బు కొంచెం తిరిగి స్పోకులన్నీ వాలాక గానీ లాగడం మొదలవదు. ఇది 150 ఏళ్ల నాటి బాధే. 1870లో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్మన్ ఏరియల్ అనే పెద్ద చక్రం బండికి సూటి తీగలు వేసి, వాటిని బిగించడానికి విడిగా లీవర్ పెట్టాల్సి వచ్చింది, దాంట్లో పెడళ్లు నేరుగా ముందు హబ్బుకే ఉండేవి మరి. 1874లో స్టార్లీయే పక్కకు వాలే స్పోకులకు పేటెంట్ తీసుకున్నాడు. మన ఊళ్లలో వెనక చక్రం మామూలుగా ఎలా అల్లుతారో దానికి మూలం అదే.

ముందు చక్రం సంగతి వేరు. నీ బండికి రాడ్ బ్రేకు కదా, అది రిమ్మునే పట్టుకుంటుంది, హబ్బు మీద తిప్పే బలం పడదు. అందుకే అక్కడ సూటి అల్లిక సరిపోతుంది. ఇది చదివి డిస్క్ బ్రేకు ఉన్న గేరు సైకిల్‌కు ఎవరూ ముందు చక్రం సూటిగా అల్లించుకోవద్దు, డిస్కు హబ్బుకే ఉంటుంది కాబట్టి ఆపే బలమంతా స్పోకుల మీదే పడుతుంది. నీకైతే పాత హబ్బుతోనే చిక్కు. ఏళ్ల తరబడి క్రాసులో ఉన్న స్పోకులు రంధ్రాల పక్కన గాడి చేసి ఉంటాయి. ఇప్పుడు వేరే దిక్కుకు లాగితే ఆ గాడి నుంచి పగులు మొదలవచ్చు, సూటి స్పోకులు అంచును బయటికి లాగుతాయి కూడా. పాత హబ్బే కావాలంటే స్పోకులు ఇదివరకు ఏ దిక్కుకు వాలి ఉన్నాయో ఆ దిక్కుకే, ఆ క్రాసుతోనే మళ్లీ అల్లించు.

కాకికాలు నాకు నిజంగా నచ్చిన అల్లిక. మూడేసి స్పోకులు ఒక గుంపు, నడిమిది సూటిగా, పక్కవి రెండూ దాన్ని దాటుతూ, చూస్తే తడిమట్టిలో కాకి అడుగులాగా ఉంటుంది. కానీ ఒక్కో వైపు రంధ్రాలు మూడుతో భాగించబడాలి. పాత 28 సైజు బండ్లకు ముందు 32, వెనక 40 ఉంటాయి, అంటే వైపుకు 16, 20. రెండూ కుదరవు. ముందు చక్రానికి 36 రంధ్రాల హబ్బు, రిమ్ము దొరికితే వైపుకు 18, ఆరు గుంపులు చక్కగా పడతాయి.

వింత అల్లికలన్నీ షోకు కోసమే అనుకోవద్దు. కాంపాన్యోలో అనే ఇటలీ కంపెనీ రేసు చక్రాల్లో వెనక స్పోకులు మూడేసి గుంపుగా ఉంటాయి, గేర్ల వైపు రెండు, అవతల ఒకటి. గేర్ల వల్ల ఆ వైపు స్పోకులు నిటారుగా నిలబడి ఎక్కువ బిగుసుకుంటాయి, అవతలివి వదులవుతాయి. అవతల సగం తగ్గించేసరికి ఉన్నవాటికి బిగువు పెరిగింది. ఇదీ టెన్షన్ లెక్కే. మన వైపు కల్లు కుండలు మోసే బండ్లకు వెనక 12 గేజ్ లావు స్పోకులు వేసేవాళ్లం, అల్లిక మాత్రం మామూలు క్రాసే.

అల్లించేటప్పుడు దగ్గర ఉండు. రిమ్ము తిన్నగా వచ్చాక పక్కపక్కగా నడిచే స్పోకులను రెండేసి చేతిలో పట్టి గట్టిగా పిండమను, టకటకమని శబ్దం వస్తుంది, మెలితిరిగినవి విడతాయి, వంపులు హబ్బు మీద సరిగా కూర్చుంటాయి. తర్వాత మళ్లీ ఒకసారి బెండు తీయాలి. ఒక్కో వైపు స్పోకులను వేలితో మీటితే దాదాపు ఒకే స్వరం పలకాలి, ఏదైనా డబ్బుమని మోగితే అది వదులు. ఒక వంద కిలోమీటర్లు తొక్కాక మళ్లీ తీసుకుపోయి చూపించు.

ముందు చక్రానికి సూటి అల్లికే ఖాయం చేసుకుంటే పాత స్పోకులు పనికిరావు, వాటికంటే పొట్టివి కావాలి. కొత్త హబ్బు కొన్నాక దాని అంచులో ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం, రెండు అంచుల మధ్య దూరం, రిమ్ము లోపలి కొలత మిల్లీమీటర్లలో ఇక్కడ రాయి, స్పోకు పొడవు నేను లెక్కగట్టి చెబుతాను.